గార పళ్ల వెనీర్లు: బ్లీచ్ షేడ్ కాంపోజిట్ లైట్‌కు సరిగా గట్టిపడట్లేదు, ఎక్కడ తప్పు?

నీలగిరి_డెంటల్ (నల్లగొండ)

గార పళ్లకు (ఫ్లోరైడ్ నీళ్ల వల్ల మరకలు పడ్డ పళ్లకు) డైరెక్ట్ కాంపోజిట్ వెనీర్ల గురించి, అంటే లైట్‌కు గట్టిపడే పంటి రంగు రెసిన్‌ను పంటి ముఖం మీద పలచని పొరలుగా వేసే పని గురించి, సలహా కావాలి. మునుగోడు, మర్రిగూడ, చండూరు వైపు నుంచి వచ్చే పెద్దవాళ్లలో పై ముందు పళ్లు ఆరింటికీ గోధుమ మరకలు, అక్కడక్కడ గుంతలు. వాడే వరుస ఇది: ఆఫీస్ బ్లీచింగ్ ఒక సిట్టింగ్, మూడో రోజు వెనీర్లు. పై ఎనామిల్ పలచగా తీసి, 37 శాతం ఫాస్ఫారిక్ యాసిడ్ 20 సెకన్లు, కడిగి, బాండింగ్ (పంటికి అతికించే రెసిన్), లైట్ 10 సెకన్లు. మరక కప్పడానికి ఓపేకర్, దాని మీద డెంటిన్ షేడ్ (ఎనామిల్ కింది పొర రంగు), అన్నిటికన్నా పైన బ్లీచ్ షేడ్ (మరీ తెల్లటి రంగు). ఒక్కో పొరకు 10 సెకన్లు.

లైట్ పెన్ను రకం, ఒకే నీలి ఎల్‌ఈడీ, టిప్ కొన 6 మి.మీ. డబ్బా మీద చదరపు సెంటీమీటరుకు 1500 మిల్లీవాట్లు అని ఉంది.

ప్రోబ్‌తో తాకితే పైన గట్టిగానే ఉంటుంది. పాలిష్ డిస్కు పెట్టగానే పై పొర జిగురులా సాగుతుంది, మెరుపు రాదు. అంచున బర్ (తొలిచే ములుకు) తగిలితే లోపలి ఓపేకర్ మైనంలా ఊడొస్తుంది. తప్పు లైట్‌దా, మెటీరియల్‌దా, వరుసదా?

దేవరకొండ_మేడమ్

మూడింటిలోనూ ఉంది సార్. ముందు వరుస సంగతి చెప్తాను, అది రూపాయి ఖర్చు లేకుండా సరిదిద్దుకోవచ్చు.

బ్లీచింగ్ అయిన మూడో రోజే బాండింగ్ చేయొద్దు. పెరాక్సైడ్ విడిపోయి పుట్టిన ఆక్సిజన్ ఎనామిల్, డెంటిన్ లోపల కొన్ని రోజులు నిలిచి ఉంటుంది. కాంపోజిట్ గట్టిపడేది ఫ్రీ రాడికల్స్ (రెసిన్ అణువులను గొలుసుగా కలిపే చురుకైన కణాలు) వల్ల. ఆక్సిజన్ ఆ రాడికల్స్‌ను పట్టేసుకుంటుంది. అప్పుడు బాండింగ్ రెసిన్ పంటికి ఆనుకున్న చోటే పచ్చిగా మిగులుతుంది, పంటి సూక్ష్మ రంధ్రాల్లోకి దిగే దాని తోకలు కూడా పొట్టిగా, తెగినట్టు వస్తాయి. ఎంత మంచి లైట్ పెట్టినా ఇది మారదు. కనీసం వారం, వీలైతే రెండు వారాలు ఆగండి. ఆ రెండు వారాల్లో పంటి రంగు కూడా కుదుటపడుతుంది. బ్లీచ్ చేసిన మర్నాటి తెలుపు చూసి షేడ్ తీస్తే తర్వాత తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది.

పెళ్లి దగ్గర పడిందనో, ఊరికి పోవాలనో పేషెంట్ తొందర పెడితే 10 శాతం సోడియం ఆస్కార్బేట్ పది నిమిషాలు పూసి కడిగితే కొంత మేలు చేస్తుంది. అయినా ఆగడమే నమ్మకమైన పద్ధతి.

రెండోది యాసిడ్. గార పంటి పై పొరలో ఖనిజం ఎక్కువ, యాసిడ్‌కు లొంగదు. ఒక మోస్తరు నుంచి ఎక్కువ గార ఉన్న పంటికి 20 సెకన్లు చాలవు. పై పొర డైమండ్ బర్‌తో తీసి 60 సెకన్లు పెట్టండి. ఆరబెట్టాక సుద్ద పూసినట్టు ఒకే తీరుగా తెల్లబడాలి. ఎక్కడైనా మెరుపు మిగిలితే అక్కడికి యాసిడ్ ఎక్కలేదని అర్థం, మళ్లీ పెట్టాలి. వెనీర్ పెచ్చు లేస్తే అందరూ లైట్‌ను అనుమానిస్తారు, చాలాసార్లు కారణం ఇక్కడుంటుంది.

పీజీ_రెండో_ఏడు

బ్లీచ్ షేడ్ సాగడానికి ఇంకో కారణం ఉండొచ్చు. ఎక్కువ కాంపోజిట్లలో వెలుగును పట్టుకునే పదార్థం కాంఫర్‌క్వినోన్. అది 468 నానోమీటర్ల దగ్గర, అంటే నీలి వెలుగులో, అన్నిటికన్నా బాగా పీల్చుకుంటుంది. తర్వాత పక్కనున్న అమీన్ అనే తోడు పదార్థం నుంచి హైడ్రోజన్ తీసుకున్నాకే రాడికల్ పుడుతుంది. చిక్కేమిటంటే కాంఫర్‌క్వినోన్ స్వతహాగా పసుపు పచ్చన. తెల్లటి షేడ్లలో ఆ పసుపు కనబడకూడదని కొన్ని కంపెనీలు దాన్ని తగ్గించి టీపీఓ అనే ఇంకో పదార్థం కలుపుతాయి. టీపీఓ పీల్చుకునేది ఊదా వెలుగు. 420 దాటాక దానికి దాదాపు ఏమీ అందదు. ఐవోసెరిన్ అనే ఇంకో పదార్థం మధ్యస్తం, దాని శిఖరం 410 చుట్టుపక్కల.

మీ లైట్‌లో ఒకే నీలి ఎల్‌ఈడీ అంటే దాని వెలుగంతా ఇంచుమించు 430 నుంచి 480 మధ్యే ఉంటుంది. కాంఫర్‌క్వినోన్‌కు సరిగ్గా సరిపోతుంది. టీపీఓ మాత్రం తాళం ఒకటి, చెవి ఒకటి అన్నట్టు ఉండిపోతుంది. 10 సెకన్లు కొట్టినా 40 కొట్టినా ఆ లోటు పూర్తిగా తీరదు. బ్లూఫేజ్, వాలో లాంటి లైట్లలో నీలంతో పాటు ఊదా ఎల్‌ఈడీ కూడా పెట్టింది ఇందుకే. వాటి వెలుగు 385 నుంచి 515 వరకు పరుచుకుంటుంది.

అన్ని బ్లీచ్ షేడ్లలో టీపీఓ ఉండదు. డబ్బాలోని కాగితంలో "ఏ తరంగదైర్ఘ్యం కావాలి" అనే వరుస చూడండి. 400 నుంచి 500 అని రాసి ఉంటే ఊదా కూడా అడుగుతుందేమో కంపెనీని అడిగి తెలుసుకోవడం మంచిది. 450 నుంచి 490 లోపలే ఉంటే మీ లైట్ రంగు విషయంలో చాలు.

లైట్_రిపేర్_మిర్యాలగూడ

సార్, డబ్బా మీది 1500 ఏందో జర లెక్కేసి సూద్దాం. గది మొత్తం వెలుగు కాదు, ఒక చదరపు సెంటీమీటరు మీద పడే వెలుగు. టిప్ సన్నగ జేస్తే ఆ అంకె దానంతట అదే పెరుగుతది.

6 మి.మీ. టిప్ వైశాల్యం 0.28 చ.సెం.మీ. దాన్ని 1500 తోని గుణిస్తే మొత్తం వెలుగు 420 మిల్లీవాట్లు. అదే 10 మి.మీ. టిప్ ఉన్న లైట్, అంకె 1000 మాత్రమే అనుకోండ్రి. వైశాల్యం 0.785, మొత్తం 785 మిల్లీవాట్లు. డబ్బా సూస్తే మొదటిది గొప్పగ కనబడ్తది, పంటి మీద పడే మొత్తం వెలుగు మాత్రం రెండో దాంట్లనే దాదాపు రెండింతలు.

ఇగ పై ముందు పన్ను వెడల్పు ఎనిమిదిన్నర, పొడుగు పదిన్నర మి.మీ. దాకా ఉంటది. మీ టిప్ 6. నడుమ ఒక్కసారి పెడితే పంటి ముఖంల మూడో వంతుకు గూడ సరిగ వెలుగు అందదు. అంచున ఓపేకర్ మైనం లెక్క ఊడుతుందంటే గదే కారణం అయి ఉంటది. పంటికి నాలుగు చోట్ల, ఒకదాని మీద ఒకటి కొంచెం ఎక్కేటట్టు పెట్టాలె: చిగురు దగ్గర, నడుమ, కొస దగ్గర, పక్క సందులకు కొంచెం వాల్చి. ఒక్కో చోట పూర్తి టైం. నాలుగు చోట్ల కలిపి పది సెకన్లు అనుకుంటే లాభం లేదు.

ఇంకోటి, టిప్ మొత్తం మీద వెలుగు ఒక్క తీరుగ రాదు. అగ్గువ లైట్లల్ల నడుమ కుంపటి లెక్క మండుతది, అంచుకు సగం గూడ ఉండదు. తెల్ల కాగితం మీద టిప్ పట్టి నారింజ అద్దంలకెళ్లి సూస్తే చుక్క కనబడ్తది.

పాలమూరు_కన్జర్వ్

పైన ముగ్గురూ చెప్పింది సరైనదే. ఒక పద్ధతి చెప్తాను: మెత్తదనం ఎక్కడ ఉందో చూస్తే కారణం దొరుకుతుంది.

పైపైన మాత్రమే జిగురుగా ఉండి, గుడ్డతో తుడిస్తే లోపల గట్టిగా ఉంటే అది గాలి తగిలిన పొర. అది లోపం కిందకు రాదు. గాలిలోని ఆక్సిజన్ వల్ల ప్రతి కాంపోజిట్ మీదా కొన్ని పదుల మైక్రాన్ల మందాన ఏర్పడుతుంది. పొర మీద పొర వేసేటప్పుడు ఇబ్బంది లేదు. ఆఖరి పొర మీద మాత్రం గ్లిజరిన్ జెల్ పూసి, జెల్ లోంచే ఇంకోసారి లైట్ పెట్టి కడిగేయాలి. డిస్కుకు అంటుకోవడం చాలావరకు ఇక్కడే ఆగుతుంది.

పై పొర మందమంతా సాగుతుంటే, పీజీ చెప్పినట్టు లైట్ రంగు దానికి సరిపోలేదు.

నడుమ గట్టి, అంచులు మెత్తన అయితే టిప్ చిన్నది, లేదా వంకరగా పట్టారు.

పైన గట్టి, అడుగున మెత్తన అయితే వెలుగు అడుగుదాకా చేరలేదు: పొర మందం ఎక్కువ, షేడ్ ముదురు, లేదా టిప్ దూరం.

కాంపోజిట్ మొత్తం గట్టిగా ఉండి, పంటి నుంచి ముక్కగా విడివడితే బాండింగ్ వైపు చూడాలి. అంటే బ్లీచ్ ఆక్సిజన్, తడి, చాలని యాసిడ్, వెనుక పళ్లలో అయితే జింక్ ఆక్సైడ్ యూజినాల్ సిమెంట్. యూజినాల్ కూడా రాడికల్స్‌ను మింగేస్తుంది.

ప్రోబ్‌తో గీసి చూసే పరీక్షను ఎవరూ నమ్మొద్దని గట్టిగా చెప్తున్నాను. పై పొరకు బలహీనమైన లైట్ కూడా చాలు. ప్రోబ్ పైనే తిరుగుతుంది. తేడా వచ్చేది రెండు మి.మీ. కింద. అక్కడ మిగిలిన పచ్చి రెసిన్ నీళ్లు పీల్చుకుని, రంగు మారి, అంచు తెరుచుకుని, ఏడాది రెండేళ్లకు కొత్త పుచ్చుగా బయటపడుతుంది. అప్పటికి లైట్ సంగతి ఎవరికీ గుర్తుండదు.

గద్వాల_క్లినిక్

అన్నా, వెనీర్ మొత్తం మందం ఒక మి.మీ. లోపే కదా. 3000 మిల్లీవాట్ల లైట్లు 3 సెకన్ల మోడ్‌తో వస్తున్నాయి. గుణిస్తే 9 జౌల్స్. అంత పలచని పొరకు అది చాలదా? ఆరు పళ్లు, పంటికి నాలుగు చోట్ల, మూడు పొరలు, ఒక్కో చోట 20 సెకన్లు అంటే లైట్‌కే 24 నిమిషాలు. పేషెంట్ నోరు తెరుచుకుని అంతసేపు ఉండటమూ కష్టమే, లాలాజలం చేరే ప్రమాదమూ పెరుగుతుంది.

పీజీ_రెండో_ఏడు

వెలుగు తీవ్రతను కాలంతో గుణిస్తే వచ్చే జౌల్స్ సమానమైతే ఫలితం కూడా సమానం అన్న లెక్క ఒక హద్దు వరకే నడుస్తుంది సార్.

వెలుగు ఒక్కసారిగా ఎక్కువ పడితే రాడికల్స్ ఒకేచోట గుంపుగా పుడతాయి. అవి రెసిన్ అణువులను గొలుసుగా కలుపుకుంటూ పోవాల్సింది పోయి, ఒకదాన్నొకటి కలిసి అక్కడికక్కడే ఆగిపోతాయి. పాఠం లెక్క ప్రకారం గట్టిపడే వేగం వెలుగు తీవ్రతకు వర్గమూలంగా పెరుగుతుంది. అంటే వెలుగు నాలుగింతలు చేస్తే వేగం రెండింతలే అవుతుంది. సమయాన్ని నాలుగో వంతుకు దించితే మిగిలిన సగం పని జరగదు. ఫిల్లర్ (రెసిన్‌లో కలిపే గట్టి పొడి) తక్కువుండి పలచగా జారే ఫ్లోవబుల్ రకాల్లో ఈ నష్టం ఎక్కువ. ఓపేకర్లు చాలావరకు ఆ రకమే. టీపీఓ ఉన్న పదార్థాలు పొట్టి సమయాన్ని కొంత మెరుగ్గా తట్టుకుంటాయి, కానీ వాటికి ఊదా వెలుగు ఉండాలి.

3 సెకన్ల మోడ్ కోసమే తయారుచేసిన కాంపోజిట్లు వేరే ఉన్నాయి. వాటితో, అదే కంపెనీ చెప్పిన లైట్‌తో వాడితే సరే. పాత సిరంజికి కొత్త మోడ్ కలపడం మంచిది కాదు.

పాలమూరు_కన్జర్వ్

గద్వాల డాక్టర్ గారి సమయం బాధ న్యాయమైనదే. దానికి దారి టిప్ వెడల్పులో ఉంది. 10 మి.మీ. టిప్, 1000 మిల్లీవాట్ల పైన ఉంటే ముందు పంటికి ఒక్కసారి నిటారుగా పెడితే ముఖమంతా కప్పుతుంది. నాలుగు చోట్ల బదులు ఒకటి లేదా రెండు. 24 నిమిషాలు ఆరుకో పన్నెండుకో దిగుతాయి. డబ్బు పెట్టాలంటే పెద్ద అంకె కోసం కాకుండా వెడల్పాటి టిప్, రెండు రంగుల ఎల్‌ఈడీ కోసం పెట్టండి.

వేడి గురించి ఎవరూ అనలేదు. 1965లో జాక్, కోహెన్ కోతి పళ్ల మీద చేసిన ప్రయోగంలో పల్ప్ (పంటి లోపలి నరం, రక్తనాళాల గుజ్జు) ఉష్ణోగ్రత 5.5 డిగ్రీలు పెరిగినప్పుడు 15 శాతం పళ్లలో పల్ప్ కోలుకోలేదు. అప్పటి నుంచి ఆ అంకెనే హద్దుగా పెట్టుకుంటున్నారు. 3000 మిల్లీవాట్ల లైట్‌ను బాండింగ్ పొర మీద, పల్ప్‌కు దగ్గరి కేవిటీలో పెట్టినప్పుడు ఆ హద్దును గుర్తుంచుకోవాలి. బాండింగ్ పొర పలచన, దాని మీద కాంపోజిట్ అడ్డు లేదు, కాబట్టి వేడి నేరుగా లోపలికి పోతుంది. 1000 మిల్లీవాట్లతో కూడా వరుసగా 40 సెకన్లు కాకుండా 10 లేదా 20 చొప్పున ఆపి, మధ్యలో రెండు మూడు సెకన్లు త్రీవే సిరంజి గాలి ఊదండి. పెదవికి, చిగురుకు కూడా కాలుతుంది. రబ్బర్ డ్యామ్ (పళ్ల చుట్టూ కట్టే రబ్బరు తెర) కింద తడి గాజ్ గుడ్డ పెట్టండి, పలచని రబ్బరు వేడిని ఆపదు.

నీలగిరి_డెంటల్ (నల్లగొండ)

చాలా స్పష్టంగా చెప్పారు. రెండు ప్రశ్నలు. రేడియోమీటర్ (లైట్ బలం కొలిచే మీటర్) కొంటే ఎలా వాడాలి, అందులో కనబడే అంకెను ఎంతవరకు నమ్మొచ్చు? పొర ఎంత లోతుదాకా గట్టిపడుతుందో క్లినిక్‌లోనే చూసే దారి ఉందా?

లైట్_రిపేర్_మిర్యాలగూడ

రేడియోమీటర్‌ను తూకంరాయి లెక్క సూడొద్దు, జ్వరం కర్ర లెక్క సూడుండ్రి. చేతి మీటర్లు ఒకదానికొకటి కలవయి. మీ టిప్ 10 ఉండి మీటర్ కన్ను 5 మి.మీ. ఉంటే నడుమనున్న చుక్కనే కొలుస్తది, అంచుల సంగతి దానికి తెల్వదు. పాత హాలోజన్ లైట్ల కోసం జేసిన మీటర్ ఎల్‌ఈడీ ముందు పెడితే అంకె ఇంకా తప్పుతది. అయినా కొనుండ్రి. లైట్ కొత్తగ ఉన్నప్పుడు ఎంత చూపిందో రాసిపెట్టి, అదే మీటర్ మీద, ఫుల్ చార్జింగుల, వారానికొకసారి కొలిచి పుస్తకంల ఎక్కించుకోండ్రి. మొదటి అంకెలకెళ్లి 20 శాతం పడిపోతే ఆగి కారణం దేవులాడాలె.

కారణాలు ఎక్కువసార్లు ఇవే:

టిప్ మీద గట్టిపడ్డ కాంపోజిట్ మచ్చ. చిన్న చుక్క గూడ వెలుగును అడ్డం పట్టి, వేడెక్కి, నల్లబడ్తది. ప్లాస్టిక్ గీకుడుతోని తియ్యాలె, స్కేలర్ పెడితే అద్దం గీతలు పడ్తది.

ప్లాస్టిక్ కవర్. అతుకు, ముడత టిప్ ముఖం మీదికి వస్తే చాన వెలుగు పోతది. పలచటి పారదర్శకం కవర్ బిగువుగ తొడిగి, అతుకు పక్కకు తిప్పుండ్రి. చేతి గ్లౌజు ముక్క కట్టుడు అస్సలే వద్దు. మీటర్ మీద కవర్ తోని ఒకసారి, లేకుంట ఒకసారి పెట్టి సూస్తే తేడా మీకే కనబడ్తది.

క్రిమిసంహారకం నేరుగ స్ప్రే కొట్టుడు. సందులకెళ్లి లోపలికి దిగి లెన్సు మీద తెల్ల పొర కడ్తది. గుడ్డ తడిపి తుడవాలె.

ఫైబర్ గైడ్ (వెలుగును కొన దాకా తెచ్చే కడ్డీ) ఉన్న లైట్లల్ల, గైడ్ తీసి ఒక కొసను కిటికీ దిక్కు పట్టి ఇంకో కొసలకెళ్లి సూస్తే తెగిన ఫైబర్లు నల్ల చుక్కలుగ కనబడ్తయి. ఆటోక్లేవ్ ఎక్కువైతే మసకగ గూడ అయితది.

బ్యాటరీ. మంచి లైట్లు చార్జింగ్ తగ్గినా వెలుగు నిలకడగ ఇస్తయి, పెట్టలేకపోతే పీప్ కొట్టి ఆగిపోతయి. అగ్గువ వాటిల్ల గా కట్టడి ఉండదు. నీలం రంగు మనకు గట్లనే కనబడ్తది, మీటర్ మీద మాత్రం అంకె పడిపోతది. పొద్దుగాల ఒకసారి, సాయంత్రం ఆఖరి పేషెంట్ అయినంక ఒకసారి కొలిస్తే బ్యాటరీ సంగతి తేలుతది.

పాలమూరు_కన్జర్వ్

రెండో ప్రశ్నకు: ఐఎస్ఓ 4049 అనే అంతర్జాతీయ ప్రమాణంలో ఉన్న గీకుడు పరీక్షనే క్లినిక్‌లో చేసుకోవచ్చు. 4 మి.మీ. లోపలి వ్యాసం, 6 మి.మీ. లేదా అంతకన్నా లోతున్న స్టీలు గొట్టం ముక్క కావాలి. తెల్ల ప్లాస్టిక్ గొట్టం, పారదర్శకం స్ట్రా పనికిరావు, పక్కల నుంచి వెలుగు లోపలికి పోయి లోతు ఎక్కువ చూపిస్తాయి. గ్లాస్ స్లైడ్ మీద మైలార్ స్ట్రిప్ (పారదర్శకం ప్లాస్టిక్ పట్టీ), దాని మీద గొట్టం. గాలి బుడగ లేకుండా కాంపోజిట్ కూరి, పైన ఇంకో స్ట్రిప్ వేసి అదమండి. కంపెనీ చెప్పిన సమయం లైట్ పెట్టండి. మూడు నిమిషాల తర్వాత బయటకు నెట్టి, అడుగువైపు మెత్తని భాగాన్ని ప్లాస్టిక్ స్పాచులాతో గీకేయండి. మిగిలిన గట్టి ముక్కను వెర్నియర్‌తో కొలిచి రెండుతో భాగించండి.

రెండుతో ఎందుకంటే గీకుడుకు ఆగినంత మాత్రాన అడుగు భాగం సరిగా గట్టిపడ్డట్టు కాదు. 4 మి.మీ. ముక్క మిగిలితే నమ్మదగిన లోతు 2 మి.మీ. మామూలు షేడ్లకు కనీసం ఒకటిన్నర, ఓపేక్ రకాలకు ఒక మి.మీ. రావాలని ప్రమాణం. లేత ఏ2 షేడ్‌తో ఒకసారి, ముదురు ఏ4తో ఒకసారి, మీ ఓపేకర్‌తో ఒకసారి చేసి పక్కపక్కన పెట్టి చూడండి. అదే లైట్, అదే సమయం, మూడు వేర్వేరు పొడవులు వస్తాయి.

గద్వాల_క్లినిక్

ఒక మాట వెనక పళ్ల గురించి కూడా. క్లాస్ టూ బాక్స్‌లో (పక్క పంటి వైపు తొలిచిన గుంతలో) టిప్ ఎంత దగ్గర పెట్టినా కస్ప్ (పంటి మొన) అడ్డం వస్తుంది. అడుగు 7, 8 మి.మీ. దూరంలో ఉంటుంది. బల్క్ ఫిల్ (మందంగా వేసే కాంపోజిట్) 4 మి.మీ. ఒకేసారి వేసి 10 సెకన్లు పెడితే సరిపోతుందని అమ్మేవాళ్లు చెప్తున్నారు.

పాలమూరు_కన్జర్వ్

4 మి.మీ. అన్న మాట టిప్ దాదాపు ఆనించి కొలిచినది. బాక్స్‌లో మొదటి పొరకు ఆ దూరం దొరకదు. టిప్‌ను బట్టి 8 మి.మీ. దూరంలో వెలుగు సగానికి, కొన్ని సన్నటి టర్బో టిప్‌లలో అంతకన్నా తక్కువకు పడుతుంది. మీ లైట్‌ది మీరే కొలుచుకోవచ్చు: మీటర్ కన్ను మీద 2, 4, 6, 8 మి.మీ. ఎత్తున్న రింగులు వరుసగా పెట్టి, వాటి మీద టిప్ ఆనించి అంకెలు రాసుకోండి. నల్లరంగు రింగులైతే మంచిది. 8 దగ్గర సగం వస్తే బాక్స్ అడుగు పొరకు సమయం రెండింతలు చేయాలి. సమయం పెంచడంతో పాటు మొదటి పొర పలచగా, ఒక మి.మీ. లోపే ఉంచితే ఇంకా నిశ్చింత.

అన్నిటికన్నా అన్యాయం జరిగేది బాండింగ్ పొరకు. చిగురు అంచు దగ్గరి బాండింగ్ అందరికన్నా దూరాన ఉంటుంది, అందరికన్నా తక్కువ సమయం దానికే ఇస్తారు. 10 అని కాగితంలో ఉంటే బాక్స్‌లో 20 ఇవ్వండి. పంటి చుట్టూ బిగించే స్టీలు మ్యాట్రిక్స్ బ్యాండ్ తీసేశాక బుగ్గ వైపు నుంచి, నాలుక వైపు నుంచి చెరో 20 సెకన్లు. బ్యాండ్ ఉన్నంతసేపు పక్కల నుంచి చుక్క వెలుగు పోలేదన్నది మర్చిపోవద్దు.

రెండో మోలార్‌లో మెడ వంగిన గైడ్ నోట్లో సరిగా నిలబడదు, టిప్ వాలిపోతుంది, ఒక గోడ నీడలో పడుతుంది. అక్కడ తల పొట్టిగా ఉండే పెన్ను రకమే మేలు. లైట్ వేసి మొహం పక్కకు తిప్పుకుంటే చెయ్యి కదులుతుంది. నారింజ కళ్లద్దం పెట్టుకుని టిప్‌నే చూస్తూ పట్టుకోవాలి. 440 నానోమీటర్ల చుట్టూ ఉన్న వెలుగే రెటీనాకు ఎక్కువ హాని చేసేది. అసిస్టెంట్‌కూ అద్దం ఇవ్వండి, రోజంతా పక్కనుండేది వాళ్లే.

దేవరకొండ_మేడమ్

మళ్లీ గార పళ్లకు వద్దాం. నీలగిరి గారి వరుసను ఇలా మార్చుకుంటే సరిపోతుంది.

తక్కువ గారకు వెనీర్ అక్కర్లేకుండానే మైక్రోఅబ్రేషన్ (పై పొరను సన్నగా అరగదీయడం), బ్లీచింగ్‌తో పని అయిపోవచ్చు. ఎనామిల్ దాచగలిగితే దాచాలి. గుంతలు, ముదురు గోధుమ రంగు ఉంటేనే వెనీర్.

బ్లీచింగ్ తర్వాత రెండు వారాలు ఆగి, పంటి ముఖం 0.3 నుంచి 0.5 మి.మీ. తీయండి. మరక ఎక్కువున్న చోట కొంచెం లోతుగా తీస్తే ఓపేకర్ తక్కువ పడుతుంది. ఇది ముఖ్యం, ఎందుకంటే ఓపేకర్‌లో మరకను కప్పే తెల్ల పొడి, టైటానియం డయాక్సైడ్, వెలుగును కూడా అలాగే కప్పేస్తుంది. కంటికి మరక కనబడనంత అడ్డం వస్తోందంటే లైట్‌కూ అంతే అడ్డం. ఊదా వెలుగు ఇంకా తొందరగా ఆగిపోతుంది. కాబట్టి ఓపేకర్‌ను ఒక్క మందపాటి పూతగా వేయొద్దు. బ్రష్‌తో 0.2 మి.మీ. పూత, 40 సెకన్లు. మరక ఇంకా తొంగిచూస్తే రెండో పూత, మళ్లీ 40. పూర్తిగా మాయం చేయాలని పట్టుబట్టకండి. ముప్పావు వంతు తగ్గితే మిగతాది డెంటిన్ షేడ్ కప్పుకుంటుంది.

ఓపేకర్ గట్టిపడకుండా పైన డెంటిన్ షేడ్ వేసేస్తే ఆ తర్వాత దానికి వెలుగు చేరే దారే లేదు. మీకు మైనంలా ఊడింది అదే.

డెంటిన్ షేడ్ అర మి.మీ., 20 సెకన్లు. పై ఎనామిల్ పొరకు మీ దగ్గర ఒకే రంగు లైట్ ఉన్నంతవరకు టీపీఓ లేని షేడ్ తీసుకోండి. బీ1 చాలామందికి నప్పుతుంది. మన దగ్గర మరీ కాగితం తెలుపు అందరి ముఖానికీ అతకదు కూడా. ఆఖరున గ్లిజరిన్ జెల్, 20 సెకన్లు.

ఫినిషింగ్ అదే రోజు చేయాల్సి వస్తే కనీసం పది నిమిషాలు ఆగండి. లైట్ ఆగాక కూడా గట్టిపడటం కొనసాగుతుంది, ఎక్కువ భాగం మొదటి నిమిషాల్లో, మిగతాది ఒక రోజులో. ఆఖరి పాలిష్ మర్నాటికో వారానికో పెట్టుకుంటే మెరుపు నిలుస్తుంది.

ఒక పక్క మాట. మిషన్ భగీరథ 2016లో మొదలైంది. శాశ్వత పళ్ల ఎనామిల్ చిన్నతనంలోనే తయారవుతుంది కాబట్టి, ఆ నీళ్లు రాకముందే బోరు నీళ్ల మీద పెరిగినవాళ్లకు ఇప్పుడు మంచినీళ్లు తాగినా పన్ను మారదు. వాళ్లు ఇప్పుడు పెళ్లి వయసులో, ఉద్యోగ వయసులో ఉన్నారు. ఈ పని ఇంకా చాలా ఏళ్లు మన ముందుంటుంది. అందుకే ఓపేకర్ ఒక్క పూత విషయంలో కూడా తొందర వద్దంటున్నాను.

లైట్_రిపేర్_మిర్యాలగూడ

మేడమ్ చెప్పినంక ఎండకాలం సంగతి ఒకటి కలుపుత. ఏప్రిల్, మే నెలల ఏసీ బంద్ చేసి తాళం ఏసిన క్లినిక్ లోపల సిరంజిలు ఉడుకుతయి. ఎక్కువ కాంపోజిట్లకు 25 డిగ్రీలు దాటొద్దని డబ్బా మీదనే ఉంటది. ఫ్రిజ్‌ల పెడితే వాడే ముందు అరగంటకు తక్కువ కాకుండ బయట ఉంచాలె. సల్లటి కాంపోజిట్ సరిగ గట్టిపడదు, తేమ గూడ పట్టుకుంటది.

లైట్‌ను ఎండల కారుల వదిలిపెట్టొద్దు, లిథియం బ్యాటరీ ఖరాబైతది. వేడి గదిల వరుసగ కొడితే లైట్ తనంతట తాను ఆగుతది, అది రోగం కాదు, లోపలి రక్షణ. సల్లబడనియ్యుండ్రి. చార్జర్‌ను స్టెబిలైజర్ ఉన్న లైన్ మీద పెట్టుండ్రి.

పీజీ_రెండో_ఏడు

కుర్చీ పైని ఎల్‌ఈడీ లైట్ కూడా చూసుకోవాలి. అందులోనూ నీలి వెలుగు ఉంటుంది. వెనీర్ ఆకారం దిద్దుతుండగానే కాంపోజిట్ పై పొర తోలు కట్టి, బ్రష్‌తో లాగితే చిరుగుతుంది, కంటికి కనబడని గాలి పొరలు లోపల మిగులుతాయి. నారింజ మోడ్ ఉంటే దానికి మార్చండి, లేకపోతే లైట్ పక్కకు తిప్పండి. ప్యాడ్ మీద తీసిన ముక్కను కూడా నారింజ మూత కింద ఉంచండి.

నీలగిరి_డెంటల్ (నల్లగొండ)

కాగితం చూశాను. బ్లీచ్ షేడ్‌కు 385 నుంచి 515 లైట్ కావాలని రాసి ఉంది, ఏ2, బీ1 షేడ్లకు 430 నుంచి 480 చాలని ఉంది. ఇక బీ1కు మారుతున్నాను. ఇప్పటికే సగం గట్టిపడిన వెనీర్లున్న పళ్లకు ఇప్పుడు రెండు రంగుల లైట్ పెడితే సరిపోతుందా, తీసేయాలా?

దేవరకొండ_మేడమ్

పై బ్లీచ్ పొర మాత్రమే మెత్తగా ఉంటే, జెల్ పూసి రెండు రంగుల లైట్ 40 సెకన్లు పెట్టి చూడొచ్చు. మిగిలిన టీపీఓకు కొంత పని దొరుకుతుంది. ఓపేకర్ మైనంలా ఉన్న పంటికి ఆ ఆశ వద్దు, పై నుంచి వెలుగు అక్కడికి చేరదు. అంచున ఒక్కచోట బర్‌తో తెరిచి చూడండి. మెత్తగా తగిలితే మొత్తం తీసి, ఎనామిల్‌కు మళ్లీ 60 సెకన్లు యాసిడ్ పెట్టి మొదటి నుంచి వేయండి. అప్పటికి బ్లీచింగ్ అయి రెండు వారాలు ఎలాగూ దాటి ఉంటుంది.